పదిహేను మెట్లు

"ఈ పదిహేను మెట్లూ నేనెక్కలేనే జానిస్," అంది మేవిస్, వంటింటి బల్ల మీద పరిచిన ప్లాను వైపు చూడకుండానే.

"రోజూ ఎక్కి దిగుతుంటే నీ మోకాళ్లే దారికొస్తాయమ్మా. డాక్టరు నడవమన్నాడుగా," అంది కూతురు.

"నడవమన్నాడు. పాకమనలేదు."

జానిస్ వినిపించుకోలేదు. ఆ ఒకే అంతస్తు ఇంట్లో వీధి వైపు గది మేవిస్‌ది. కిటికీ దగ్గర కూర్చుంటే బేకరీకి వెళ్లేవాళ్లూ, బస్సు దిగేవాళ్లూ ఆమెను పలకరించకుండా పోరు. ఇప్పుడా గది జానిస్‌కి కావాలి. ఊళ్లోవాళ్ల కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు కత్తిరించే దుకాణం పెడుతుందట. అందుకని అటకను గదిగా మార్చి, తల్లిని అందులోకి పంపిస్తుంది. కుక్కలకు వీధి గది, కన్నతల్లికి అటక.

"పైన కిటికీ పెట్టిస్తున్నానమ్మా. పడుకుంటే ఆకాశం కనిపిస్తుంది."

"ఆకాశం నన్ను పలకరిస్తుందా? ఒక్కసారి పైకెక్కితే, మళ్లీ నలుగురు మోసి దించాల్సిందే నన్ను. నువ్వేమంటావు క్లిఫ్?"

అల్లుడు క్లిఫ్ పోస్ట్‌మ్యాన్. వీధిలో కుక్కలకీ, ఇంట్లో భార్యకీ ఎదురు చెప్పి ఎరగడు. టీ కప్పులోకి చూస్తూ, "జానిస్ అన్నీ ఆలోచించే ఉంటుంది లెండి," అన్నాడు. ఇతనికంటే గోడకి చెప్పుకోవడం నయమనుకుంది మేవిస్.

బల్లకి అటుపక్క కూర్చున్న మేస్త్రీ ప్లాను చుట్టాడు. "గురువారం గబ్బిలాల ఇన్‌స్పెక్టరు వచ్చి అటక చూస్తాడు. ఏమీ లేవంటే సోమవారం పని మొదలెడతాను."

"ఉన్నాయంటే?" అంది మేవిస్.

"ఉంటే ఇంక ఒక్క మేకు కూడా కొట్టకూడదు. కొడితే జైలే."

ఈ దేశంలో ముసలమ్మను గదిలోంచి లేపెయ్యొచ్చు గానీ గబ్బిలాన్ని లేపకూడదు.

"మా అటకలో బూజు తప్ప ఇంకేం లేదు," అని తేల్చేసింది జానిస్.

బుధవారం చర్చి ఊడ్చే వంతు మేవిస్‌ది. అక్కడ కప్పు నిండా గబ్బిలాలే. ఎంత ఊడ్చినా బెంచీల కింద రెట్టలు తరగవు. చూడ్డానికి ఎలుక పెంటికల్లా ఉంటాయి, నలిపితే పొడైపోతాయి. ఆ రోజు ఎవరూ లేకుండా చూసి, వాటిని ఖాళీ టీ డబ్బాలోకి ఎత్తుకుంది. దేవుడి ఇంట్లో దొంగతనం ఆమెకదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి ఎవరూ లేరు. నడవాలో అటక నిచ్చెన దించే ఉంది. డబ్బా స్వెటర్ జేబులో వేసుకుని మొదటి మెట్టెక్కింది. రెండోదీ ఎక్కింది. మూడో మెట్టు మీద కుడి మోకాలు బిగుసుకుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. నిచ్చెనను కావిలించుకుని అలాగే ఉండిపోయింది. తలెత్తి చూస్తే నల్లటి కంత. సోమవారం నుంచి తన బతుకంతా ఆ కంతలోనే. ముందుగది గడియారం పన్నెండు కొట్టింది, ఒంటిగంటా కొట్టింది. మేవిస్‌కి ఏడుపొచ్చింది.

డ్యూటీ దిగి వచ్చిన క్లిఫ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "అక్కడేం చేస్తున్నారు మేవిస్?"

"నా కొత్త గది చూసుకుందామని."

అతను ఇంకేమీ అడక్కుండా నడుం పట్టుకుని, చంటిపిల్లను దించినట్టు దించాడు. జేబులో డబ్బా గలగలమంది.

"ఏంటది?"

"టీ."

"పైన చూడ్డానికేం లేదు లెండి. నేను చూశాను," అంటూ నిచ్చెన మడిచి పైకి తోసేసి, తలుపు బిగించాడు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

గురువారం ఇన్‌స్పెక్టరు టార్చిలైటుతో అటకెక్కాడు. మేవిస్ తన కిటికీ దగ్గర కూర్చుని, ఇదే ఆఖరిసారి అన్నట్టు వీధిని చూస్తోంది. డబ్బా ఇంకా ఆమె జేబులోనే ఉంది, నిండుగా.

ఇరవై నిమిషాలకు ఆయన దిగొచ్చి జానిస్ ముందు గుప్పిట విప్పాడు. "పొగగొట్టం పక్కన గబ్బిలాల రెట్టలు గుట్టలుగా పడున్నాయమ్మా. ఇంత పెద్ద కాపురం ఈమధ్య నేనెక్కడా చూళ్లేదు. వచ్చే వేసవిలో వచ్చి మళ్లీ చూస్తాం. అప్పటిదాకా పైకి ఎవరూ వెళ్లొద్దు. గది సంగతి మర్చిపోండి."

జానిస్ మొహం మాడిపోయింది. మేస్త్రీ వేరే ఊళ్లో పని ఒప్పుకున్నాడు. అటక మీద గది అలా అటకెక్కింది.

మేవిస్ పైకప్పు వైపు చూసి మనసులోనే దండం పెట్టుకుంది. ఇన్నాళ్లూ నెత్తి మీదే కాపురం ఉండి కూడా ఒక్కరోజు చప్పుడు చెయ్యలేదు పిచ్చి ప్రాణులు. క్లిఫ్ మాత్రం బూట్లు తుడుచుకుంటూ, "చట్టమంటే చట్టమే కదా జానిస్," అన్నాడు.

మళ్లీ బుధవారం చర్చి ఊడవడానికి వెళ్లినప్పుడు, డబ్బాలోవి చెత్తబుట్టలో ఒంపుతుంటే పాదిరిగారు వెనకే వచ్చి నిలబడ్డారు. మేవిస్ గబుక్కున డబ్బాకి మూత పెట్టేసింది.

"మిగిలిపోయాయా మేవిస్‌గారూ?" అన్నారాయన. "పోయిన వారం, సోమవారం నాడు మీ అల్లుడు, పెళ్లయ్యాక మళ్లీ మొదటిసారి చర్చికొచ్చి, గులాబీలకి ఎరువంటూ ఉత్తరాల సంచి నిండా ఇవే ఎత్తుకుపోతుంటే అప్పుడే చెప్పాను, అన్ని అక్కర్లేదయ్యా అని."