అరువు గొంతు

ఆమె పాడినకొద్దీ గుక్కపట్టి ఏడుస్తున్న పసిపాప, టీవీలో దయ్యం కూనిరాగం తీయగానే చప్పున ఊరుకుంది.

ఇంకా మెడ నిలవని పిల్ల. తల్లి భుజం మీంచి అటువైపే తల వాల్చి, పిడికిళ్ళు విప్పి, ఆ రాగం ముగిసేలోగా నిద్రపోయింది.

"బాగుంది సంబడం," అంది అత్తగారు, పొత్తిగుడ్డలు మడతపెడుతూ. "సినిమాలన్నిటికీ గొంతు అరువిచ్చావు. కన్నబిడ్డకి మాత్రం మిగల్చలేదు."

ఆమె నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. డబ్బింగు చెప్పడం ఆమె పని. ఈ సినిమాలో హీరోయిన్ గొంతు ఆమెదే. నిండు నెలలతో మైకు ముందు నిలబడి చెప్పింది. తల్లి గొంతు కడుపులోనే బిడ్డకి అలవాటైపోతుందని డాక్టరమ్మ అన్నప్పుడు, రోజంతా మాట్లాడే తనలాంటిదానికి ఇక కొదవేముంది అనుకుంది. తీరా పుట్టాక, ఆమె నోరు విప్పితే చాలు, పాప ఎవరో పరాయి మనిషి ఎత్తుకున్నట్టు బిక్కమొహం వేస్తోంది.

మర్నాడు పాప ఏడుపు అందుకోగానే మళ్ళీ ఆ సినిమానే పెట్టింది. హీరోయిన్ మాట్లాడినంతసేపూ పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. దయ్యం రాగం రాగానే నోట్లో వేలు పెట్టుకుంది. వెనక్కి తిప్పి పెట్టినా అంతే.

"దీనికి ఆ గొంతు ముందే తెలుసమ్మాయ్," అంది అత్తగారు. ఈసారి ఆవిడ మాటలో వెటకారం లేదు. ఆ దయ్యానికి చెప్పినావిడ నీ పక్కనే నిలబడి చెప్పిందేమో అని అడిగింది.

పక్కన ఎవరూ ఉండరని ఆమె చెప్పింది. గాజు కిటికీకి అవతల ఇంజనీరు, ఇవతల తలుపు మూసిన గదిలో తనొక్కతే. ఎవరి డైలాగులు వాళ్ళు వేరే రోజుల్లో వచ్చి చెప్పి పోతారు. ఆ రాగాన్ని తను ఈ టీవీలోనే మొదటిసారి వింది. తను వినని గొంతు తన కడుపులో పిల్ల ఎలా వింది?

భయం కన్నా కుళ్ళే ముందు పుట్టింది. ఆ దయ్యం ఎవరో తెలిస్తే, కాళ్ళావేళ్ళా పడైనా ఆ రాగం నేర్చుకుని తనే పాడాలి. కన్నబిడ్డ తనవైపు ఒక్కసారి తిరగాలి. సౌండు ఇంజనీరుకి ఫోన్ చేసింది.

"దయ్యానికి ఎవరు చెప్పారని నన్నడుగుతావేంటి చెల్లీ? నువ్వే కదా."

తను కాదంది. ఆటపట్టించకమ్మా అన్నాడు. దయ్యానికి మాటల్లేవు కాబట్టి ఎవర్నీ పిలవనే లేదట. ఆమె రికార్డింగు శుభ్రం చేస్తుంటే దొరికిందట ఆ రాగం. డైలాగుకీ డైలాగుకీ మధ్య ఆమె ఊరుకున్న ప్రతిచోటా ఉందట. డైరెక్టరు ముచ్చటపడి దయ్యానికి పెట్టేసుకున్నాడట.

"పెదాలు కదపకుండా ఎలా పాడావా అని మేమంతా ముక్కున వేలేసుకున్నాం," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి ఒళ్ళో పాపని చూసింది. అయితే పాడింది ఈ పిల్లే కాబోలు. కడుపులో తన రాగం తనే విని నేర్చుకుంది కాబోలు. వెర్రి ఊహే అయినా ప్రాణం కాస్త కుదుటపడింది. ఎవరో పరాయిది కాదు కదా.

పాప మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. టీవీ ఆపేసి ఉంది. పాడే ధైర్యం లేక ఆమె పెదాలు బిగించుకుని ఊరికే జోకొట్టసాగింది. కాసేపటికి ఏడుపు ఆగింది. గదిలో సన్నగా ఆ కూనిరాగం.

"హమ్మయ్య, నేర్చేసుకున్నావే," అంది అత్తగారు వంటింట్లోంచి. "అచ్చం అదే గొంతు."

ఆమె పాప నోటివైపు చూసింది. అది మూసే ఉంది. ఖాళీ అయిన తల్లి పొట్టకి చెవి ఆనించి, పాప హాయిగా వింటోంది.