చచ్చిన రాణి లేవాలి

ఆయన భార్యను చంపింది జనం. ఇందులో రెండో మాట లేదు.

నాటకాల కంపెనీలో ఆమెది విషం తాగి చనిపోయే రాణి వేషం. చివర్లో ఊపిరి బిగబట్టి లాగే పాట. పాడి కూలిపోగానే జనం "వన్స్ మోర్" అనేవారు. అంటే చచ్చిన రాణి దుమ్ము దులుపుకుని లేచి, మళ్లీ పాడి, మళ్లీ చావాలి. అది కంపెనీ ఆనవాయితీ. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న ఆ సాయంత్రం ఆమె రెండుసార్లు లేచింది. మూడోసారి లేవలేదు.

అప్పట్నుంచి ఆయన పదిమంది కూడిన చోటికి పోలేదు. ఆ పాట ఎవరి నోటా లేదు.

యాభై ఏళ్లకి ఆమె అక్క మనవరాలు హార్మోనియం మోసుకుని గదిలోకి వచ్చింది. పాత నాటకాల పాటలు బతికిస్తుందట. మాటలు ఏదో చినిగిన పుస్తకంలో దొరికాయి. వరస తెలిసినవాడు ఆయనొక్కడే.

"అది పాట కాదే, ఉరితాడు."

"పాటతో పాటు చిన్నమ్మమ్మనీ పూడ్చిపెడతావా తాతయ్యా?"

ఆ మాట ములుకులా దిగింది. నేర్పాడు. అయిదో రోజుకి ఆ పిల్ల గొంతులో భార్య గొంతు పలికింది. పిల్లకి ఉబ్బసం. చివరి చరణం అయ్యేసరికి పెదాలు నల్లబడ్డాయి.

"ఒక్కసారే పాడు. ఎవడు అరిచినా లేవకు."

"అరిచేదెవరులే! ఇప్పటి జనం చప్పట్లకే పిసినారులు."

ప్రదర్శన రోజు ఆయన జనం మధ్య కూర్చున్నాడు, పిడికిళ్లు బిగించి. పిల్ల పాడింది. కూలిపోయింది. హాలంతా నిశ్శబ్దం. తెర సగం దిగింది.

అప్పుడు లేచింది ఒక కేక, గోడలు అదిరేలా: "వన్స్ మోర్!"

ఇక హాలంతా అందుకుంది. పిల్ల గుండె పట్టుకుని లేచింది. పాడింది. తెర వెనక డాక్టరు అరగంట కూర్చుంటే గానీ ఊపిరి దారికి రాలేదు.

కళ్లు తెరవగానే ఆయన్నే చూసింది. "మొదటి కేక నీదే. వద్దన్నదీ నువ్వే. ఎందుకు తాతయ్యా?"

"ఆ ఊసు ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేను చచ్చినా చెప్పను."

కంపెనీలో ఉన్నన్నాళ్లూ ఆయన ఉద్యోగం ఒక్కటే: జనంలో జనంలా కూర్చుని, పాట అవగానే అందరికంటే ముందు ఆ కేక వెయ్యడం.