మాస్టారి పావురం

ఈసారి కార్బురేటర్ మాయమైంది.

మాస్టారి కూతురు బానెట్ ఎత్తి పట్టుకుని చాలాసేపు లోపలికే చూస్తూ నిలబడింది. ఆదివారం నాడు మెకానిక్ దాన్ని ఆమె ఎదుటే బిగించాడు. ఇప్పుడు ఆ చోట రెండు బోల్టులు, ఒక నూనె మరక మిగిలాయి. ఆ మధ్య ఫ్యూయల్ పంపు ఇలాగే పోయింది. మెకానిక్ ఎక్కడో వెతికి తెచ్చానని దాన్ని పెట్టేసరికి ఇదిగో, ఇది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు వెనకనుంచి ఆమె భర్త. "మీ బాబాయి ఇంటివాడి కిందే లెక్క కదా."

బాబాయి అంటే రక్తసంబంధం ఏమీ లేదు. తండ్రి డ్రైవింగ్ స్కూలు నడిపినన్నాళ్ళూ అక్కడి బళ్ళు బాగుచేసిన మెకానిక్ అతను. చేతుల నలుపు ఏ సబ్బుకీ లొంగకపోవడంతో గ్రీజు బాబాయి అన్న పేరు స్థిరపడిపోయింది. స్కూలు మూతపడ్డాక కూడా రోజూ వచ్చి, తండ్రితో టీ తాగి, షెడ్డులో దూరేవాడు.

తండ్రిని ఊరంతా స్టీరింగు మాస్టారంటారు. సగం ఊరికి బండి నేర్పింది ఆయనే. ఆయన నేర్చుకున్నది మాత్రం షెడ్డులో ఉన్న ఈ కారు మీద. బూడిద రంగు, గుండ్రటి దీపాలు, రెండే తలుపులు. పావురం అని ముద్దుగా పిలుచుకునేవాడు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అలాంటి కార్లు ఇప్పుడు ఎక్కడో నాలుగైదు మిగిలి ఉంటాయట. పావురాన్ని మళ్ళీ నిలబెట్టి, కూతుర్నీ అల్లుణ్ణీ ఎక్కించుకుని ఊరు చుట్టి వస్తానని ఒకప్పుడు ఆయన అనని రోజు లేదు. అంతా వారం పనేనని మెకానిక్ అన్నాడు. ఆ వారం మాత్రం ఎప్పటికీ రావడం లేదు.

ఇంక ఆగడానికి వీల్లేకుండా షెడ్డు గోడ బీటలిచ్చింది. వానలు పడేలోపు కూల్చాల్సిందేనని మేస్త్రీ తేల్చేశాడు. కారు తన చక్రాల మీద బయటికి రావాలి, కాదంటే ముక్కలుగా రావాలి. పాత బళ్ళ సామాను కొనే వ్యాపారి ఒకడు ఫోన్లో తెగ ఉత్సాహపడ్డాడు. ఇలాంటి అరుదైన కారు విషయంలో బండికంటే విడిభాగాలకే గిరాకీ ఎక్కువట.

తండ్రి ఎటూ తేల్చలేదు. విప్పి అమ్మడానికి ఒప్పుకోలేదు. పోనీ ఇంకో మెకానిక్‌ని పిలుద్దామంటే దానికీ ఒప్పుకోలేదు. గ్రీజు చెయ్యి పడితే తప్ప పావురం కదలదన్నాడు. ఆమె కార్బురేటర్ సంగతి చెప్పబోతే రేడియో గొంతు పెంచాడు.

మాస్టారు మరీ తెల్లనివన్నీ పాలనుకునే రకమని భర్త నిట్టూర్చాడు.

అనుమానం జోరీగలా ఆమె చెవిలో చేరింది. మెకానిక్ సంచి వచ్చేటప్పటికంటే వెళ్ళేటప్పుడు బరువుగా ఉన్నట్టు తోచేది. తండ్రి అతని భుజం మీద చెయ్యి వేసి గేటుదాకా సాగనంపుతుంటే కడుపు మండేది. పాలు పోసి పామును పెంచుతున్నామా అనుకునేది.

గురువారం తలనొప్పిగా ఉందని కొరియర్ ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. షెడ్డు తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి చూస్తే, మెకానిక్ ఇగ్నిషన్ కాయిల్ విప్పి, పసిబిడ్డను చుట్టినట్టు మెత్తటి గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుంటున్నాడు. ఆమె చప్పుడు చేయకుండా ఇంట్లోకి వెళ్ళి వ్యాపారికి ఫోన్ చేసి, మర్నాడే రమ్మంది.

వ్యాపారి వచ్చి బండి కింద దూరాడు. బానెట్ ఎత్తి టార్చి వేసి మూలమూలా చూశాడు. చేతులు తుడుచుకుంటూ ఆమెను పక్కకు పిలిచాడు.

"దీన్ని విప్పడానికి చేతులెలా వస్తాయండీ? ఎవరో ప్రాణం పెట్టి చేశారు. పీకేసిన ఆ రెండూ పెడితే ఇప్పుడే స్టార్టవుతుంది."

మెకానిక్ వచ్చేసరికి అందరూ షెడ్డు ముందే ఉన్నారు. ఆమె అతని భుజం మీది సంచి లాక్కుని గచ్చు మీద బోర్లించింది. స్పానర్ల మధ్య గుడ్డలో చుట్టిన కార్బురేటర్, దాని పక్కన కాయిల్ పడ్డాయి.

"ఎన్నాళ్ళుగా, బాబాయ్?"

అతను ఒకసారి మాస్టారి వైపు చూసి తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా."

రెండూ బిగించి వెళ్ళిపొమ్మని, మళ్ళీ తమ గడప తొక్కొద్దని ఆమె చెప్పింది. అతను బిగించాడు. అల్లుడు తాళం తిప్పాడు. పావురం రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, హాయిగా మోగడం మొదలెట్టింది. అల్లుడు దాన్ని మెల్లగా ఎండలోకి తెచ్చి నిలిపి, ఇంజన్ ఆపకుండానే దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రండి మామయ్యా. ఇంక విప్పేది లేదు. మొదటి చుట్టు మీదే."

మాస్టారు వచ్చి కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించాడు. ఎక్కలేదు. మెకానిక్ సంచి సర్దుకుని గేటు దగ్గరికి చేరుకున్నాడు.

"వాణ్ణి వెళ్ళనీకు," అన్నాడు మాస్టారు. "విప్పమన్నది నేనే. దాచమన్నదీ నేనే. పాపం, నా మాట కాదనలేకపోయాడు."

 అల్లుడు ఇంజన్ ఆపేశాడు.

"ఎందుకు, నాన్నా?"

"బాగైందంటే నడపమంటారు కదా." మాస్టారు ఆమె వైపు తిరిగాడు.

"నీ మొహం నాకు కనపడక ఏడాది దాటిందమ్మా."