ఎమీల్ ఆఖరి పందెం

"ఇవాళ వద్దులేమ్మా, అలసిపోతావు. పొద్దున్నే ఆపరేషనుంది" అన్నాడు జనార్ధనరావు.

"ఎమీల్ పడిపోయిన చోట ఆపేశాం నాన్నా. నాకు నిద్రెలా పడుతుంది? లాస్ట్ కేసెట్ లా!" అంది రుచిత, బడిలో అంటిన ఇక్కడి యాసలో.

పదిహేనేళ్ల రుచిత గుండె ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరి వారమైంది. బడిలో ఆమె మూడో భాష ఫ్రెంచి. ఆ సంగతి తెలిసి, పాయా లేబర్ అనే పేటలోని ఆఫీసులో జనార్ధనరావు పక్క సీటు ఫ్రెంచాయన కేసెట్లు పంపాడు. వందేళ్ల కిందటి సైకిల్ చాంపియన్ ఎమీల్ జీవితకథ. చిన్నప్పటి నుంచీ ఆయనకది కంఠోపాఠమట. రుచిత వాక్‌మన్‌లో వింటూ తెలుగులో చెబుతుంటే, జనార్ధనరావు వై టూ కే గొడవలన్నీ పక్కన పెట్టి సాయంత్రానికల్లా వచ్చి కూర్చుంటున్నాడు. కోడింగ్ తప్ప మరొకటి ఎరగని మనిషి, ఎమీల్ గెలిచిన రోజున నర్సు వచ్చి కోప్పడేలా చప్పట్లు కొట్టాడు.

రుచిత కేసెట్ల పెట్టె మూత తీసింది. ఒక్క క్షణం లోపలికి చూసి, తండ్రి వైపు చూసి, మూత పెట్టేసింది.

"ఆఖరిది నిన్నే ఇందులో పెట్టేశాను" అంటూ ఇయర్‌ఫోన్లు తగిలించుకుని వాక్‌మన్ మీట నొక్కింది.

జనార్ధనరావు చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"గాలి తగలకుండా ముందు వెళ్లే మోటార్‌సైకిల్ టైరు పేలిందిగా. ఆ సైకిళ్లకి బ్రేకులుండవు. చెక్క ట్రాక్ మీద పడ్డాడు" కళ్లు మూసుకుని చెబుతోంది రుచిత. "డాక్టర్లు కష్టమన్నారు. వాళ్ల నాన్న మంచం పక్కనే కూర్చున్నాడు. పాపం, ఆయనకి భయమెక్కువ."

"తర్వాత?" ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"లేచాడు నాన్నా! ఏడాది తిరిగేసరికి మళ్లీ సైకిలెక్కి గెలిచాడు. ఆఖరి రౌండు గంట కొట్టగానే జనంలో అందరికంటే గట్టిగా అరిచింది వాళ్ల నాన్నేనట. ఎమీల్ ముసలాడయ్యేదాకా సైకిల్ షాపు నడుపుకున్నాడు."

ఇయర్‌ఫోన్లు తీసి తండ్రి మొహంలోకి చూసింది.

"ఏడుస్తున్నావా?"

"గెలిచాడుగా, అందుకు."

"అయితే రేపు నేను కళ్లు తెరిచాక కూడా చప్పట్లు కొట్టాలి. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాడు.

ఎమీల్ చనిపోయే ఆ ఆఖరి కేసెట్ పొద్దుటి నుంచీ ఆయన జేబులోనే ఉంది.