విసుగెరగని నంబరు

"గంట కొట్టండమ్మా, గంట! మూడు నిమిషాలూ అయిపోయాయి!"

నరసింహమూర్తి అరుపుకి నర్గీస్ ఉలిక్కిపడి బల్ల మీది గంట కొట్టింది. సబ్బవరం నుంచి మాట్లాడుతున్న కాంతం వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద నలభై మూడు పేర్లున్నాయి గాని, ముఖాలు అయిదో ఆరో. మిగిలినవాళ్ళు కెమెరాలు ఆపేసుకుని ఏ వంటింట్లోంచో, ఏ షిఫ్టు బస్సులోంచో వింటున్నారు.

గోపాలపట్నంలోని ఆ దూరవిద్యా కేంద్రానికి బాధ్యుడిగా నరసింహమూర్తి బదిలీ మీద వచ్చి పది రోజులే అయింది. వస్తూనే హెడ్డాఫీసు ఉత్తరం ఎదురైంది. కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క ట్యూటర్ నర్గీస్ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగుస్తోందట. పొడిగించాలో వద్దో విద్యార్థుల అభిప్రాయం కనుక్కుని రాయమన్నారు.

ఏదైనా సరే తరచి చూడందే ఆయనకి నిద్ర పట్టదు. ఉత్తినే సంతకాలు సేకరిస్తే ఏం తెలుస్తుంది? అందుకే ఆదివారం పొద్దున ఆన్‌లైన్‌లో చర్చాపోటీ పెట్టాడు, 'దూరవిద్యకు ట్యూటర్ అవసరమా?' అని. అటొకరు, ఇటొకరు. మూడేసి నిమిషాల ప్రసంగం, ఒక నిమిషం జవాబు. మొదట ఒక ఓటు, చివర ఒక ఓటు. నిర్వాహకులు మాత్రం నోరు మెదపకూడదు.

గంట కొట్టే పని నర్గీస్‌కే పడింది. ఆవిడ మీద ఆయనకి అంత మంచి అభిప్రాయమేమీ లేదు. ఆవిడ క్లాసుకి పట్టుమని పదిమంది రారు. ఎప్పుడు చూసినా ఆవలింతలు, చేతిలో ఫోను. "అది కాస్త సంచిలో పడెయ్యండమ్మా" అని ఈ పొద్దున కూడా చెప్పాల్సి వచ్చింది.

అయినా మొదటి ఓటులో ట్యూటర్ కావాలని ముప్ఫై మంది అన్నారు, వద్దని పదముగ్గురు. అంగన్‌వాడీ ఆయా కాంతం కూడా ట్యూటర్ పక్షాన బాగానే మాట్లాడింది. "నాకు అర్థం కానేదని నోటితో సెప్పక్కర్లేదండి. మేడమ్ నా మొకం సూసి తెలుసుకుంటారు. పుస్తకం సూత్తదా నా మొకం?"

తర్వాత గాజువాక నుంచి దొరబాబు మైకు తెరిచాడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని.

"నాను షిఫ్టుల మనిసినండి. ఆదివారం క్లాసు ఎలాగుంటాదో సూడనే లేదు. ట్యూటర్ మొకమే తెల్దు. అయినా రెండేళ్ళూ పాసైపోనాను. ఎలాగంటారా? డౌట్ డెస్క్!" అని ఒక నంబరు అందరికీ కనబడేలా పెట్టాడు.

నరసింహమూర్తి ముందుకి వంగాడు. "ఏమిటయ్యా ఆ డెస్కు?"

"మన సెంటర్ వాట్సాప్ నంబరండి. మిషను! డౌటు పెడితే 'మీ సందేహం అందింది' అంటాది, ఎనకాలే జవాబొచ్చెత్తాది. నైటు షిఫ్టు దిగొచ్చి తెల్లారగట్ట అడిగినా సెప్తాది. ఒకే లెక్క నాలుగుసార్లు అడిగినాను, ఇసుక్కోలేదు. కోపమొచ్చి 'నీకు బుర్రుందేటి' అని తిట్టేసినాను కూడా. అయిదోసారి ఇంకోలాగ సెప్పింది. మనిసైతే ఊరుకుంటాడేటండి?"

తెర మీది ముఖాలు నవ్వాయి.

"పరీక్ష పొద్దున దానంతటదే మెసేజ్ పెట్టింది, 'టిఫిన్ తిని వెళ్ళండి, హాల్‌టికెట్ మర్చిపోకండి' అని!"

నరసింహమూర్తికి మతి పోయింది. టిఫిన్ సంగతి కూడా చూసుకునే మిషనా! తయారుచేసిన వాడెవడో గాని కాలికి గండపెండేరం తొడగాలి. నంబరు కాగితం మీద రాసుకున్నాడు.

నర్గీస్ గొంతు సవరించుకుంది. "సార్, ఆ డెస్క్ సంగతి ఒక్క మాట..."

ఆయన చటుక్కున మైకు ఆపేశాడు. "నిర్వాహకులం మాట్లాడకూడదమ్మా. అందులోనూ మీరు! ఉద్యోగం కోసం ప్రచారం చేసుకుందంటారు."

ఆవిడ మళ్ళీ గడియారం వైపు తిరిగింది. మూడు నిమిషాలు కాగానే గంట మాత్రం కొట్టింది.

జవాబు చెప్పడానికి కాంతం మైకు తెరిచింది. "మిషను మంచిదేనండి, నానూ అడుగుతాను. కానీ... మనిసి మనిసే కదండి" అంటూండగానే ఆవిడ నిమిషం కాస్తా అయిపోయింది. రెండో ఓటులో లెక్క తారుమారైంది. ట్యూటర్ వద్దని ముప్ఫై ఒకటి, కావాలని పన్నెండు.

అందరూ వెళ్ళిపోయాక నరసింహమూర్తి నివేదిక చెప్పాడు, నర్గీస్ టైపు చేసింది. "డౌట్ డెస్క్ ఉండగా ట్యూటర్ అవసరం లేదని అత్యధికుల అభిప్రాయం. కాంట్రాక్టు పొడిగించనక్కర్లేదు."

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. "సార్, ఇప్పుడైనా నా మాట..."

"బతిమాలి నన్ను ఇరకాటంలో పెట్టకండమ్మా. నాకు మాత్రం సంతోషమా? ఓటు ఓటే. పంపించెయ్యండి."

బతిమాలడం అన్న మాటకి ఆవిడ ముఖం ఎర్రబడింది. నివేదిక పంపించేసి, కళ్ళు తుడుచుకుని, సంచి సర్దుకోసాగింది. ఆయన మనసు చివుక్కుమంది. అటు చూడలేక తన ఫోను తీశాడు.

ఆ మిషను సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. కాగితం మీది నంబరు చూసి వాట్సాప్‌లో నొక్కాడు. ఏమడగాలి? కాసేపు ఆలోచించి, తనలో తనే నవ్వుకుంటూ 'నీకెప్పుడూ అలుపు రాదా?' అని పంపాడు.

నర్గీస్ సంచిలో ఫోను మోగింది.