మూరెడు కాలువ

ఒక పెద్ద చెరువులో ఏటా తొలివాన పడగానే జంతువులన్నీ సభ పెట్టుకునేవి. పడమటి గుంట తరఫున తాబేలు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది.

"ఎండాకాలం వస్తే మా గుంట చెరువు నుంచి తెగిపోతోంది. చేపపిల్లలు చచ్చిపోతున్నాయి. మూరెడు కాలువ తవ్వించండి."

"తవ్వాల్సింది మేమేగా! మాకంత తీరిక లేదు" అనేది ఎండ్రకాయ.

"వాయిదా!" అనేది సభ నడిపే కప్ప.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. తాబేలు మెడ బయటపెట్టగానే "మూరెడు కాలువ వచ్చిందొచ్చింది!" అని అందరూ నవ్వేవారు. చివరికి గుంటవాళ్ళకే విసుగొచ్చి, ఎన్నికల్లో తాబేలును ఓడించి బాతును గెలిపించారు.

బాతు సభకొచ్చి, తన రెక్కల గురించి చాలాసేపు మాట్లాడి కూర్చుంది. తాబేలు ఒడ్డు మీంచి చూస్తోంది.

"ఇంకేమైనా ఉందా?" అంది కప్ప. ఎవరూ పలకలేదు. కానీ ఎవరూ లేవనూ లేదు. ఏదో వెలితిగా ఉంది.

ఎండ్రకాయకు ఉండబట్టలేదు. "అదేంటి? గుంట తెగిపోతుందిగా, చేపపిల్లలు చచ్చిపోతాయిగా, మూరెడు కాలువ తవ్వాలిగా!" అనేసి, తన మాట తనే విని తెల్లబోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కప్ప అలవాటుగా నోరు తెరిచింది గానీ "వాయిదా" అనలేకపోయింది.

"మరి ఎవరు తవ్వుతారు?" అంది.

ఎండ్రకాయ తన ముందుకాళ్ళు చూసుకుంది. "మూరెడేగా, మేమే తవ్వుతాం" అని గొణిగింది.

ఒడ్డు మీంచి తాబేలు మెడ చాచింది.

"మూరన్నర అయితే ఇంకా మంచిది!"