టీ కాచే ఆవిడ

"రాత్రి నానబెట్టిన శనగలేవి?"

నాగజ్యోతి ఖాళీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. శ్రావణ శుక్రవారం. పదకొండింటికల్లా వాట్‌ఫర్డ్‌లోని తెలుగు ముత్తైదువులు ఐదుగురు వాయనానికి వస్తారు.

"కొన్ని తీసుకున్నాను, మమ్," అంది లాస్య, రబ్బరు బూట్లు తొడుక్కుంటూ.

"కొన్నా? గిన్నె తుడిచిపెట్టావు."

"కార్ప్‌కి అవంటే ప్రాణం. మోరీన్ చెప్పింది."

"లక్ష్మీదేవి శనగలు చేపలకా?"

విజయభాస్కర్ లాప్‌టాప్ వెనక నుంచి నవ్వాడు. "పోనీలే జ్యోతీ, మత్స్యావతారానికి ముట్టాయనుకో."

"మీరు ఊరుకోండి. ఆకివీడులో మీవాళ్ళు చేపల్ని టన్నుల్లెక్కన అమ్ముతారు. మీ అమ్మాయి ఒక్కటి పట్టి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తుంది. దానికో క్లబ్బు, దానికో చందా."

ఆపై కూతురివైపు తిరిగింది.

"అక్టోబరుతో ఆ చందా అయిపోతుంది. తర్వాత జీసీఎస్ఈ పరీక్షల పుస్తకాలు. చేపలు కట్టిపెట్టు."

లాస్య తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. ఆ ఇంట్లో కోపానికి అదే గుర్తు.

ఆ మోరీన్ ఎవరో చూద్దామని మర్నాడు నాగజ్యోతి కూతురి వెంట వెళ్ళింది.

ఒకప్పుడు కంకర తవ్విన గొయ్యి, ఇప్పుడు చెరువు. దాని ఒడ్డున చెక్క షెడ్డు, అదే క్లబ్బు. వెనకటి రోజుల్లో సభ్యత్వం కావాలంటే ఎనిమిదేళ్ళు ఆగాల్సి వచ్చేదట. ఇప్పుడు మిగిలింది పదకొండుమంది ముసలివాళ్ళు, వాళ్ళ మధ్య లాస్య.

పెద్ద చేపలు పట్టినవాళ్ళ పేర్లతో గోడమీద బంగారు అక్షరాల బోర్డు. అన్నిటికంటే పైన: 1978, హెరాల్డ్ బెన్సన్, ముప్పై నాలుగు పౌండ్లు.

"ఇన్నేళ్ళలో ఎవరూ దాటలేదు," అన్నాడు సెక్రటరీ గర్వంగా. "హెరాల్డ్ పోయి పదేళ్ళయింది. ఇదిగో, ఆయన భార్య మోరీన్. మాకు టీ కాచేది ఈవిడే."

డెబ్భై ఏళ్ళ మనిషి. చేతిలో కప్పు.

"టీ తాగుతావా, లవ్?"

"వద్దండీ. తాగే వచ్చాను."

తాగలేదు. కప్పు అంచున ఉన్న గోధుమరంగు మరక చూసి అలా అంది.

మోరీన్ నవ్వి, లాస్య పక్కన కూర్చుంది. ఆమె చేతిలో గాలం లేదు. చాలాసేపు నీళ్ళకేసి చూసి ఒక వేలు ఎత్తింది.

"అక్కడ. ఆ తామరాకుకి జానెడు ఇవతల."

లాస్య అక్కడికే విసిరింది. నాగజ్యోతి ఫోన్లో టైము చూసేలోగా గాలం కర్ర విల్లులా వంగింది.

"దిగు," అంది మోరీన్.

లాస్య నడుములోతు నీళ్ళలోకి దిగిపోయింది.

"చలి," అంది నాగజ్యోతి, ఆగలేక.

"తప్పదు. ఈ ఒడ్డున నాచు ఎక్కువ. ఇక్కడ పొడిబట్టలతో పెద్ద చేపను తీసినవాళ్ళు లేరు."

వలలో చేప పైకి వచ్చింది. పాత ఇత్తడి రంగు. రూపాయి బిళ్ళంత పొలుసులు. పసిపిల్లలా నోరు తెరిచి మూస్తోంది. మోరీన్ ముందు తన చేతులు తడుపుకుంది, ఆపైనే దాన్ని ముట్టుకుంది. గాలం దిగినచోట మందు రాసింది.

"దీనికి నలభై నాలుగేళ్ళు," అంది.

నాగజ్యోతికి నలభై మూడు. పెద్దవాళ్ళు ఎదురైనట్టు తెలియకుండానే ఓ అడుగు వెనక్కి వేసింది.

మోరీన్ చేపను నీళ్ళలో రెండు చేతుల మధ్య నిలిపింది.

"తోయకూడదు. తనంతట తను వెళ్ళాలి."

అది వెళ్ళింది. నీళ్ళు మూసుకున్నాయి.

టీ కాచే మనిషికి ఇంత విద్య ఎలా వచ్చిందా అనుకుంది నాగజ్యోతి దారిలో. మొగుణ్ణి చూసి నేర్చుకుని ఉంటుందిలే అని సర్దుకుంది.

అక్టోబరు రెండో వారంలో మోరీన్ నిద్రలోనే పోయింది.

ఆ ఆదివారం అందరూ షెడ్డులో చేరారు. పదకొండుమందీ ఖాళీ కప్పులు పట్టుకుని నిలబడ్డారు. టీపొడి డబ్బా ఎక్కడుంటుందో ఒక్కరికీ తెలియదు.

నాగజ్యోతే వెతికి కెటిల్ పెట్టింది.

కెటిల్‌కి పైన గోడమీద పాత ఫొటో ఉంది. నీళ్ళు మరిగేదాకా దాన్నే చూసింది. మరిగాక కూడా చూసింది. ఫోన్లో ఫొటో తీసుకుని, సెక్రటరీని పక్కకి పిలిచి రెండు ప్రశ్నలు అడిగింది.

రాత్రి భోజనాల దగ్గర లాస్య చారన్నం కెలుకుతూ కూర్చుంది.

"మొత్తానికి ఈ నెలతో చేపలు సరి," అన్నాడు విజయభాస్కర్, మాట కలపడానికి.

"చందా కట్టండి," అంది నాగజ్యోతి. "దానికీ, నాకూ."

లాస్య తలెత్తింది.

"నీకా? నీకు చేప వాసనే పడదు కదా."

"బోర్డు మీద పేరు మార్చమని అడగాలంటే మెంబరై ఉండాలట. కనుక్కున్నాను."

"ఎవరి పేరు?"

"తొంభై ఒకటి దాకా ఆ క్లబ్బులో ఆడవాళ్ళకి సభ్యత్వం లేదట. అదీ కనుక్కున్నాను."

చారుగిన్నె పక్కకి జరిపి ఫోన్ మధ్యలో పెట్టింది. లాస్య రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసింది.

కింద 1978 అని రాసి ఉంది. హెరాల్డ్ ఇస్త్రీ చొక్కా, టై, మెరిసే బూట్లతో ఆ ముప్పై నాలుగు పౌండ్ల చేపను ఎత్తిపట్టి నవ్వుతున్నాడు. అతని వెనక చేతిలో వలతో, జుట్టులో నాచుతో, మెడదాకా తడిసి నిలబడి ఉంది మోరీన్.